కంటిన్యువస్ కాస్టింగ్‌లో సీఎఫ్‌డీ: ఒడిశా సరిహద్దు తెలుగువాళ్ళు తరచుగా అడిగే ప్రశ్నలు

రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి, బరంపురం, జయపురం వైపు నుంచి మన తెలుగు పిల్లలు చాలామంది డిప్లొమాలు, బీటెక్‌లు చేసి స్టీల్ ప్లాంటుల్లో చేరుతున్నారు. కొందరు విశాఖ వెళ్తారు, కొందరు రూర్కెలా, ఇంకొందరు అంగుల్, కళింగనగర్. కాస్టర్ (ద్రవ ఉక్కుని ఆగకుండా పోస్తూ గట్టి దిమ్మగా లాగే యంత్రం) మీద పోస్టింగ్ పడిన కొన్నాళ్ళకి సీఎఫ్‌డీ (కంప్యుటేషనల్ ఫ్లూయిడ్ డైనమిక్స్, అంటే ద్రవ ప్రవాహాన్ని కంప్యూటర్‌తో లెక్కకట్టడం) అనే మాట వినిపిస్తుంది, దాంతోపాటు సందేహాలూ మొదలవుతాయి. ఫోన్లలో, వాట్సాప్‌లో అవే ప్రశ్నలు తిరిగి తిరిగి వస్తుంటే అన్నీ ఒకచోట రాసి పెడదామనిపించింది. ప్రశ్నలు అడిగినవాళ్ళ మాటల్లోనే ఉంచాను. ప్రతి జవాబూ దేనికదే పూర్తిగా ఉంటుంది కాబట్టి మీకు కావలసినది తీసి చదువుకోవచ్చు.

## మొదలుపెట్టే ముందు

సీఎఫ్‌డీ అంటే రంగురంగుల బొమ్మలు తీయడమేనా?

బొమ్మలు ఆఖర్న వస్తాయి. ముందు జరిగేదంతా లెక్క. కాస్టర్‌లో ద్రవ ఉక్కు లేడిల్ అనే పెద్ద బకెట్ నుంచి టండిష్ అనే తొట్టిలోకి, అక్కడి నుంచి నాజిల్ గొట్టంలోంచి మోల్డ్ అనే అచ్చులోకి దిగుతుంది. టండిష్‌లోనో మోల్డ్‌లోనో ద్రవ ఉక్కు నిండే జాగాని కంప్యూటర్‌లో లక్షల చిన్న గళ్ళుగా విడగొడతారు. ఒక్కో గడిలోకి ఎంత ఉక్కు వచ్చింది, ఎంత పోయింది, ఏ వేగంతో, ఎంత వేడితో అన్నది ద్రవాల కదలికని చెప్పే నేవియర్-స్టోక్స్ సమీకరణాలతో లెక్కకడతారు. ఇంత శ్రమ ఎందుకంటే, 1550 డిగ్రీలు దాటిన ఉక్కు లోపలికి మన చూపు ఆనదు. పైన పౌడర్ (ఉక్కు మీద చల్లే రక్షణ పొడి) కప్పి ఉంటుంది, చుట్టూ రాగి మోల్డో, వేడిని తట్టుకునే రిఫ్రాక్టరీ గోడో ఉంటుంది. లోపల ఏం జరుగుతోందో తెలుసుకోవడానికి ఉన్న దారులు తక్కువ. వాటిలో ఇదొకటి.

అన్నా, మా దగ్గర పాతికేళ్ళ అనుభవం ఉన్న ఫోర్‌మన్ ఉన్నారు. ఆయనకి తెలియనిది కంప్యూటర్‌కి తెలుస్తుందా?

ఆయనకి తెలిసిన చాలా సంగతులు కంప్యూటర్‌కి తెలియవు. అసలు ప్రశ్న పుట్టాల్సిందే ఆయన దగ్గర. "టండిష్‌ని ఇంప్రూవ్ చేయండి" అని పై నుంచి వచ్చిన పని దాదాపు ఎప్పుడూ ఒక లావుపాటి రిపోర్టు దగ్గరే ఆగిపోతుంది. "మూడో హీట్ దాటాక ఒకటో స్ట్రాండ్ నాజిలే ఎందుకు మూసుకుపోతోంది?" అని ఫోర్‌మన్ అడిగారనుకోండి, అప్పుడు సిమ్యులేషన్‌కి పని దొరికినట్టు. ఏ స్ట్రాండ్ (టండిష్ కింద ఉండే పోత వరసల్లో ఒకటి), ఏ గ్రేడ్ (ఉక్కు రకం), ఎన్నో హీట్ (ఒక లేడిల్ ఉక్కు), అప్పుడు టండిష్‌లో ఎన్ని టన్నులు ఉంది అన్న వివరాలు లేకపోతే ఎంత పెద్ద కంప్యూటర్ అయినా గాలిలో లెక్కలు వేస్తుంది. ఈ పేజీలో నేను గట్టిగా చెప్పదలుచుకున్నది ఇదే: సీఎఫ్‌డీ మంచి చెడ్డలు సాఫ్ట్‌వేర్ కంటే ఫ్లోర్ మీద కొలతల మీద ఎక్కువ ఆధారపడతాయి.

ఏ పనికి పనికొస్తుంది, ఏ పనికి పనికిరాదు?

రెండు డిజైన్లు పక్కపక్కన పెట్టి ఏది మెరుగో తేల్చడానికి బాగా పనికొస్తుంది. నాజిల్ పోర్టు (ఉక్కు బయటికి వచ్చే రంధ్రం) కోణం మార్చాలా, ఎంత లోతు ముంచాలి, టండిష్‌లో డ్యామ్ (అడుగున పెట్టే అడ్డుగోడ) ఎక్కడ పెట్టాలి, గ్రేడ్ మారేటప్పుడు ఎంత పొడవు స్లాబ్ (పలక లాంటి ఉక్కు దిమ్మ) కలగలుపుగా వస్తుంది లాంటివి దీనికి తగిన ప్రశ్నలు. "వచ్చే నెల ఎన్ని స్లాబ్‌లు రిజెక్ట్ అవుతాయి?" అంటే చెప్పలేదు. లోపం రావడానికి ఫ్లో ఒక్కటే కారణం కాదు. స్టీల్ కెమిస్ట్రీ, మోల్డ్ ఆసిలేషన్ (పైకీ కిందికీ ఊగడం), పౌడర్, సెకండరీ కూలింగ్ (మోల్డ్ కింద నీళ్ళు చల్లి చల్లార్చడం), రోలర్ల అలైన్‌మెంట్ అన్నీ కలిస్తేనే ఒక పగులు వస్తుంది.

నీళ్ళ మోడల్ ఉండగా కంప్యూటర్ ఎందుకు?

నీళ్ళ మోడల్‌ని తక్కువ చేయకండి. గది వేడిలో నీటి కైనమాటిక్ విస్కాసిటీ (పారేటప్పుడు జిగట ఎంతో చెప్పే కొలత) సెకనుకు సుమారు 1 చదరపు మిల్లీమీటరు. ద్రవ ఉక్కుది 0.8 దగ్గర. ఈ సారూప్యం వల్లే అక్రిలిక్ టండిష్‌లో నీళ్ళు పారించి ఉక్కు ఎలా పారుతుందో చెప్పగలుగుతున్నాం. ఫ్రౌడ్ సంఖ్య (ప్రవాహం ఊపుకీ గురుత్వాకర్షణకీ ఉన్న నిష్పత్తి) సమానంగా ఉండేలా 1/3 సైజులో కడితే, నీటి ప్రవాహం అసలు దానిలో సుమారు 1/15.6 వంతు పెట్టాలి. కానీ నీళ్ళ మోడల్‌లో వేడి తేడాలు సరిగా రావు. కొత్త లేడిల్ తెరిచినప్పుడు వేడి ఉక్కు పైకి ఎగబాకడం, చల్లనిది అడుగున జారిపోవడం అందులో కనబడదు. మోల్డ్‌లో షెల్ (గోడ వెంట గట్టిపడిన ఉక్కు పొర) కట్టడమూ కనబడదు. అవి లెక్కలోకి రావాలంటే కంప్యూటర్ కావాలి. రెండూ ఉంటే ఒకదాన్ని ఇంకొకటి సరిచూస్తుంది.

## మోడల్ కట్టేటప్పుడు

ఫ్లో టర్బులెంట్ అని అందరూ అంటారు. ఒక్కసారి లెక్క చూపిస్తారా సార్?

తప్పకుండా. 1500 మిల్లీమీటర్ల వెడల్పు, 220 మందం ఉన్న స్లాబ్‌ని నిమిషానికి 1.2 మీటర్ల వేగంతో లాగుతున్నాం అనుకుందాం. అది నిమిషానికి దాదాపు 3 టన్నులు. ద్రవంగా చూస్తే సెకనుకు సుమారు 7 లీటర్లు. నాజిల్ లోపలి వ్యాసం 80 మిల్లీమీటర్లు ఉంటే అందులో వేగం సెకనుకు 1.4 మీటర్లు. రేనాల్డ్స్ సంఖ్య లక్షా నలభై వేలు వస్తుంది. పైపులో రెండు మూడు వేలు దాటితేనే ప్రవాహం అల్లకల్లోలం అవుతుంది కాబట్టి ఇక్కడ సందేహానికి తావే లేదు. మీ ప్లాంటు కొలతలతో ఈ లెక్క చేత్తో వేసుకోండి. సాఫ్ట్‌వేర్ ఇచ్చే వేగాలు నమ్మదగ్గవేనా అన్న అంచనా అక్కడే దొరుకుతుంది.

కే-ఎప్సిలాన్ చాలా, ఎల్‌ఈఎస్ కావాలా?

ఈ రెండూ అల్లకల్లోల ప్రవాహాన్ని లెక్కకట్టే పద్ధతులు. టండిష్‌లో డ్యామ్ ఎక్కడ పెట్టాలో తేల్చడానికి కే-ఎప్సిలాన్ చాలు. అది సగటు ప్రవాహాన్ని చూపిస్తుంది, కొన్ని గంటల్లో అయిపోతుంది. మోల్డ్ సంగతి వేరు. సగటు బొమ్మలో ఎడమ, కుడి సమానంగా కనిపించవచ్చు. నిజం మోల్డ్‌లో నాజిల్ నుంచి దూకే జెట్ కాసేపు ఎడమకి బలంగా కొట్టి, కాసేపు కుడికి కొడుతుంది. పౌడర్ లోపలికి లాగబడేది అలా ఒక పక్కకి ఊగిన ఆ కొద్ది సెకన్లలోనే. సగటు తీస్తే ఆ క్షణం మాయమైపోతుంది. అలాంటి సమస్యకి ఎల్‌ఈఎస్ లాంటి కాలంతో మారే మోడల్ కావాలి. అది రోజులు, ఒక్కోసారి వారాలు పడుతుంది.

కంప్యూటర్ చిన్నది. సగం మోడలే కడితే సరిపోతుందా?

స్టాపర్ రాడ్‌తో (నాజిల్ నోటిని పై నుంచి మూసే కడ్డీ) నడిచే కాస్టర్ అయి, సగటు ప్రవాహం చాలనుకుంటే సగమో పావో కట్టుకోవచ్చు. స్లైడ్ గేట్ (పక్కకి జరుగుతూ దారిని మూసే పలక) ఉంటే మాత్రం ఆలోచించండి. గేట్ సగం తెరిచి ఉన్నప్పుడు ఉక్కు నాజిల్‌లో ఒక గోడకి ఒరిగి దిగుతుంది, అడుగున సుడి తిరుగుతుంది. సమానత్వం అక్కడే పోయింది. ఎల్‌ఈఎస్‌కి అయితే సగం మోడల్ పనికిరాదు.

మెష్ ఎంత సన్నగా ఉండాలి?

మెష్ అంటే మనం విడగొట్టిన ఆ గళ్ళ అల్లిక. ఎంత సన్నగా అన్నదానికి ఒక సంఖ్య చెప్పలేను. మూడు రకాల మెష్‌లతో నడపండి. మీకు కావలసిన విలువ, ఉదాహరణకి మోల్డ్ పైభాగంలో వేగం, మెష్ సన్నబడినా మారడం మానేసిందంటే చాలు. నాజిల్ పోర్టుల దగ్గర, జెట్ గోడకి తగిలే చోట, పై ఉపరితలం కింద గళ్ళు సన్నగా ఉండాలి. మిగతాచోట ముతకగా ఉన్నా నష్టం లేదు.

బౌండరీ కండిషన్లలో ఎక్కువమంది ఎక్కడ తడబడతారు?

బౌండరీ కండిషన్లు అంటే గోడల దగ్గర, ఉక్కు వచ్చే పోయే చోట్ల మనం పెట్టే షరతులు. ఎక్కువమంది తడబడేది మోల్డ్ మోడల్‌లో షెల్‌ని మరిచిపోవడం దగ్గర. గోడని కదలని గట్టి గోడగా పెట్టేస్తారు. నిజానికి మోల్డ్ గోడ వెంబడి గట్టిపడిన ఉక్కు పొర కాస్టింగ్ వేగంతో కిందికి దిగుతూ ఉంటుంది, ద్రవంలో కొంత భాగం ఆ పొరలో కలిసిపోతూ ఉంటుంది. ఆ ద్రవ్యరాశిని, దాని మొమెంటమ్‌ని లెక్కలోంచి తీసేయాలి. లేకపోతే కింది భాగంలో ప్రవాహం నిజానికి దూరంగా వస్తుంది. రెండోది, నాజిల్‌ని వదిలేసి పోర్టు దగ్గర అంతటా ఒకే వేగం పెట్టడం. పోర్టు పైభాగంలో ఉక్కు వెనక్కి తిరిగి లోపలికి పోయే సందర్భాలు మామూలే కాబట్టి, వీలైతే టండిష్ అడుగు నుంచి నాజిల్‌తో సహా మోడల్ చేయండి.

## టండిష్ గురించి

డెడ్ జోన్ అంటే ఉక్కు అసలు కదలదా?

కదులుతుంది, కాకపోతే బాగా నెమ్మదిగా. వానాకాలంలో రాయగడ దగ్గర నాగావళి వంతెన స్తంభాల వెనక చూడండి, నది పరుగెడుతున్నా అక్కడ చెత్త ఒకేచోట తిరుగుతూ ఉంటుంది. టండిష్ మూలల్లో, డ్యామ్ వెనక అలాంటి చోట్లు ఏర్పడతాయి. సగటు నివాస కాలానికి రెట్టింపు కంటే ఎక్కువ సేపు లోపల ఉండిపోయే ఉక్కుని డెడ్ వాల్యూమ్‌గా లెక్కిస్తారు. 30 టన్నుల టండిష్‌లోంచి నిమిషానికి 3 టన్నులు పోతుంటే సగటు నివాస కాలం 10 నిమిషాలు, కాబట్టి 20 నిమిషాలు దాటింది డెడ్ కింద లెక్క. డెడ్ జోన్ పెరిగితే మిగతా ఉక్కు తనకి దొరికిన తక్కువ జాగాలోంచి త్వరగా బయటపడుతుంది. నష్టం అసలు అక్కడ.

పది నిమిషాలు ఉంటే ఇన్‌క్లూజన్లన్నీ పైకి తేలిపోవా?

ఇన్‌క్లూజన్లంటే ఉక్కులో చిక్కుకున్న అల్యూమినా లాంటి మలినాల రేణువులు. ఈ లెక్క ప్రతి కాస్టర్ ఇంజినీరూ ఒకసారి చేత్తో వేయాలి. నిలకడగా ఉన్న ఉక్కులో స్టోక్స్ సూత్రం ప్రకారం 100 మైక్రాన్ల అల్యూమినా కణం సెకనుకు దాదాపు 2.8 మిల్లీమీటర్లు పైకి వస్తుంది. 50 మైక్రాన్లది 0.7 మిల్లీమీటర్లు. 20 మైక్రాన్లది 0.1 మిల్లీమీటరు. పది నిమిషాల్లో అవి ఎంత ఎత్తు ఎక్కుతాయో చూడండి: మొదటిది మీటరున్నర పైనే, రెండోది సుమారు 42 సెంటీమీటర్లు, మూడోది ఏడు సెంటీమీటర్లు కూడా కాదు. టండిష్‌లో ఉక్కు లోతు మీటరు ఉంటే పెద్ద కణాలు పైకి తేలిపోతాయి, చిన్నవి తమంతట తాము తేలలేవు. అవి పైకి రావాలంటే ప్రవాహమే వాటిని స్లాగ్ (ఉక్కు మీద తేలే కరిగిన పొర) దగ్గరికి మోసుకెళ్ళాలి, లేదా ఒకదానికొకటి అంటుకుని పెద్దవి కావాలి. డ్యామ్, వీర్ (పై నుంచి దిగే అడ్డుగోడ) పెట్టి ప్రవాహాన్ని పైకి మళ్ళించడం అందుకే. పైన స్లాగ్ సరైనది కాకపోతే అక్కడిదాకా వచ్చిన కణం కూడా తిరిగి కిందికి పోతుంది. ఆ సంగతి ఫ్లో మోడల్ దానంతట అది చెప్పదు.

డ్యామ్, వీర్, ఇంపాక్ట్ ప్యాడ్: వీటిలో ఏది పెట్టమంటారు?

లేడిల్ నుంచి పడే ధార చాలా బలంగా ఉంటుంది. ముందు దాన్ని అణచాలి కాబట్టి నా ఓటు మొదట ఇంపాక్ట్ ప్యాడ్‌కి. ధార దాని గిన్నెలో పడి పైకి తిరుగుతుంది, అడుగున నేరుగా నాజిల్ వైపు పరుగెత్తే ఉక్కు తగ్గుతుంది. డ్యామ్ పెడితే దాని అడుగున చిన్న రంధ్రం ఉంచండి, లేకపోతే సీక్వెన్స్ (ఆపకుండా వరసగా పోసే హీట్లు) ఆఖర్న వెనక మిగిలే ఉక్కు పారేసుకోవాల్సి వస్తుంది. ఇంకో సంగతి, కంప్యూటర్‌లో ఉన్న డ్యామ్ ఎప్పుడూ కొత్తదే. ప్లాంటులో అది హీట్ హీట్‌కీ అరిగిపోతుంది. అరిగిన ఆకారంతో కూడా ఒకసారి సిమ్యులేషన్ నడిపి, అప్పుడు కూడా లాభం నిలబడితేనే ట్రయల్‌కి వెళ్ళండి. టండిష్ లోపల కొత్తగా ఏ ముక్క పెట్టినా అది పూర్తిగా ఎండిందని చూసుకోవాలి. తడి మీద ఉక్కు పడితే ప్రాణాల మీదికి వస్తుంది.

మా నాలుగు స్ట్రాండ్ల కాస్టర్‌లో చివరి స్ట్రాండ్లే ఎందుకు ఇబ్బంది పెడతాయి?

ధార మధ్యలో పడుతుంది. లోపలి రెండు స్ట్రాండ్లకి ఉక్కు త్వరగా, వేడిగా చేరుతుంది. చివరి రెండింటికి ఆలస్యంగా, కొన్ని డిగ్రీలు చల్లబడి చేరుతుంది. టండిష్ సూపర్‌హీట్ (ఉక్కు గడ్డకట్టడం మొదలయ్యే వేడి కంటే ఎంత ఎక్కువ ఉందో ఆ తేడా) 20, 30 డిగ్రీలే ఉంచినప్పుడు ఆ కొన్ని డిగ్రీలే పెద్ద తేడా. చివర్న నాజిల్ గడ్డకట్టే భయం, లోపల ఇన్‌క్లూజన్లు తేలేందుకు టైము చాలకపోవడం. విశాఖ ఉక్కులో మొదట పెట్టిన బ్లూమ్ (మందపాటి దిమ్మ) కాస్టర్లు కూడా నాలుగేసి స్ట్రాండ్లవే కాబట్టి మనవాళ్ళలో చాలామందికి ఇది బాగా పరిచయమైన బాధ. ఇక్కడ సిమ్యులేషన్ నిజంగా తన విలువ చూపిస్తుంది. రంధ్రాలున్న బాఫిల్ (అడ్డుపలక) పెట్టి, రంధ్రం కోణం, సైజు మారుస్తూ నాలుగు స్ట్రాండ్ల మధ్య తేడా ఎంత తగ్గుతుందో వరుసగా చూడొచ్చు. అదే పని ప్లాంటులో చేస్తే ఒక్కో కోణానికి ఒక్కో సీక్వెన్స్ ఖర్చవుతుంది.

## మోల్డ్ గురించి

మెనిస్కస్ దగ్గర వేగం ఎంత ఉండాలి?

మెనిస్కస్ అంటే మోల్డ్‌లో ఉక్కు పై ఉపరితలం. అక్కడ స్లాబ్ కాస్టర్‌లో సాధారణంగా సెకనుకు 0.2 నుంచి 0.4 మీటర్ల మధ్య ఉంటే మంచిదంటారు. తగ్గితే పైన వేడి చాలక మెనిస్కస్ గడ్డకడుతుంది, పౌడర్ సరిగా కరగదు. పెరిగితే కరిగిన పౌడర్ బొట్లుబొట్లుగా ఉక్కులోకి లాగబడుతుంది. నాజిల్ పోర్టు కోణం, ముంచిన లోతు, నాజిల్‌లోకి పంపే ఆర్గాన్ వాయువు ఎంత, కాస్టింగ్ వేగం ఎంత అన్నవి దీన్ని శాసిస్తాయి. ఆర్గాన్ ఎక్కువైతే మొత్తం ప్రవాహం తీరే మారిపోతుంది. ఇరుకు గోడకి తగిలి రెండుగా చీలాల్సిన జెట్ బుడగలతో కలిసి ముందే పైకి లేస్తుంది. కాబట్టి ఆర్గాన్ వాడే ప్లాంటులో ఆర్గాన్ లేని మోడల్ చేస్తే దాన్ని పక్కన పెట్టడమే మేలు.

బ్రేకౌట్‌ని ముందే పసిగడుతుందా?

బ్రేకౌట్ అంటే షెల్ చిరిగి ద్రవ ఉక్కు బయటికి పోవడం. దాన్ని క్షణక్షణం పసిగట్టే పని మోల్డ్‌లో పెట్టిన థర్మోకపుల్స్‌ది (వేడి కొలిచే తీగలు). సీఎఫ్‌డీ ఇంకో కోణంలో సాయపడుతుంది. 0.8 మీటర్ల మోల్డ్‌లో నిమిషానికి 1.2 మీటర్ల వేగంతో దిగితే షెల్‌కి దొరికేది 40 సెకన్లు. ఆ లోపల కట్టేది సుమారు 16 మిల్లీమీటర్ల మందం. జెట్ ఒకే చోట వేడిగా తగులుతుంటే అక్కడ ఈ మందం తగ్గుతుంది. ఆ చోటు ఎక్కడ, ఎంత తగ్గుతుంది అన్నది మోడల్ చూపించగలదు.

నాజిల్ మూసుకుపోవడం ఇందులో తెలుస్తుందా?

కొంతవరకే. కణాలు గోడని ఎక్కువగా ఎక్కడ తాకుతాయో, ప్రవాహం ఎక్కడ తిరగబడుతుందో తెలుస్తుంది. తాకినది అంటుకుంటుందా లేదా అన్నది కెమిస్ట్రీ తేల్చాలి, కాల్షియం ట్రీట్‌మెంట్ (అల్యూమినా కణాలు ద్రవంగా మారేలా ఉక్కులో కాల్షియం కలపడం) ఎలా జరిగిందో చూడాలి.

## ఫలితాలు నమ్మడం

కన్సల్టెంట్ ఎరుపు, నీలం బొమ్మలతో రిపోర్టు ఇచ్చారు. ఏం అడగాలి?

లోపలికి పోయిన టన్నులు, బయటికి వచ్చిన టన్నులు సరిపోయాయా అని మొదట అడగండి. మెష్ మారిస్తే జవాబు మారిందా అని అడగండి. ఇప్పుడున్న డిజైన్‌ని కూడా నడిపారా, అది మన ప్లాంటు కొలతలతో కలిసిందా అని అడగండి. ఈ ఆఖరి ప్రశ్నకి జవాబు లేకపోతే కొత్త డిజైన్ గురించిన మాటలేవీ వినక్కర్లేదు.

మోల్డ్‌లో ఉక్కు వేగాన్ని నిజంగా కొలవగలమా?

మేకులతో కొలవొచ్చు. ఒక చెక్కకి వరసగా స్టీల్ మేకులు బిగించి, పౌడర్ పొరలోంచి ఉక్కులోకి మూడు నాలుగు సెకన్లు నిటారుగా ముంచి తీస్తారు. మేకు కొనకి ఉక్కు ముద్ద కడుతుంది. ప్రవాహం ఎదురొచ్చిన వైపు ముద్ద ఎత్తుగా, వెనక వైపు పల్లంగా ఉంటుంది. ఆ ఎత్తు తేడా, ముద్ద వ్యాసం చూసి వేగం లెక్కకడతారు. ఎటు వాలిందో చూస్తే దిశ కూడా తెలిసిపోతుంది. మేకు పక్కనే అల్యూమినియం తీగ కడితే అది కరిగిన పొడవు బట్టి కరిగిన పౌడర్ మందం తెలుస్తుంది. ఇంత చౌకగా ఇంత సమాచారం ఇచ్చే కొలత కాస్టర్ మీద ఇంకోటి నాకు కనబడలేదు. టండిష్‌కైతే ఉక్కులో కొద్దిగా రాగి కలిపి, నాజిల్ దగ్గర వరసగా శాంపిళ్ళు తీసి రాగి ఎప్పుడు ఎంత వచ్చిందో చూస్తారు.

సిమ్యులేషన్‌లో బాగుంది, ప్లాంటులో తేడా కనబడలేదు. ఎందుకు?

ట్రయల్ రోజు కాస్టింగ్ వేగం, సూపర్‌హీట్, టండిష్ లెవెల్ మోడల్‌లో పెట్టినవేనా చూడండి. లేడిల్ మారేటప్పుడు టండిష్ లెవెల్ పడిపోతుంది, మోడల్ మాత్రం ఎప్పుడూ నిండు టండిష్‌నే చూసి ఉంటుంది. నాజిల్ పోర్టులో అల్యూమినా పేరుకుంటే దాని ఆకారమే మారిపోతుంది. ఇవన్నీ సరిగ్గా ఉండి కూడా తేడా రాలేదంటే, మీ లోపానికి మూలం ఫ్లోలో లేదన్నమాట. ఆ సంగతి తేలడం కూడా ప్లాంటుకి పనికొచ్చే జవాబే.

## చదువు, ఉద్యోగం

అన్నా, డిప్లొమా చేశాను, అదీ ఒడియా మీడియం స్కూలు. ఇది నాకు అందుతుందా?

అందుతుంది. సమీకరణాలు విప్పే పని సాఫ్ట్‌వేర్ చూసుకుంటుంది, భౌతికంగా ఏం జరుగుతోందో మీరు అర్థం చేసుకోవాలి. పైగా మీ దగ్గర ఒక బలం ఉంది. రూర్కెలాలో, కళింగనగర్‌లో ఆపరేటర్‌తో ఒడియాలో, విశాఖలో తెలుగులో కూర్చుని మాట్లాడగలరు. లాగ్ షీట్‌లో రాయని సంగతులు అలా మాట్లాడినప్పుడే బయటపడతాయి. బయటి నుంచి వచ్చిన ఇంజినీరుకి అవి దొరకవు.

సాఫ్ట్‌వేర్ కొనలేను. ఎలా నేర్చుకోను?

ఓపెన్‌ఫోమ్ ఉచితం, బొమ్మలకి ప్యారావ్యూ ఉచితం. ఐఐటీ బొంబాయి స్పోకెన్ ట్యుటోరియల్‌లో ఓపెన్‌ఫోమ్ పాఠాలున్నాయి, ఎన్‌పీటెల్‌లో సీఎఫ్‌డీ కోర్సులున్నాయి. ఆన్సిస్ కూడా విద్యార్థులకి ఉచిత వెర్షన్ ఇస్తుంది, గళ్ళ సంఖ్య మీద పరిమితి ఉంటుంది. టండిష్ వాటర్ మోడల్ నేర్చుకోవడానికి అది చాలు.

ఏఐ వచ్చేసింది కదా, ఇక సీఎఫ్‌డీ దేనికి?

కాస్టర్ మీద ఏఐకి నేర్పడానికి కావలసిన ప్రవాహం డేటాలో చాలా భాగం సీఎఫ్‌డీ నుంచే వస్తుంది. ఒకటి తెలిస్తే రెండోది సులువు.

ప్లాంటు వాళ్ళు డ్రాయింగులు ఇవ్వరు. కాలేజీ ప్రాజెక్టు ఎలా చేయను?

డ్రాయింగులు అడగకండి. అక్రిలిక్ షీట్‌తో మీరే చిన్న టండిష్ కట్టండి. పైన పైపుతో నీళ్ళు వదిలి, అడుగున రంధ్రంలోంచి అంతే నీరు పోయేలా చేసి, లెవెల్ నిలకడగా ఉంచండి. ఒక్కసారిగా ఉప్పునీరు కలిపి, బయటికి వచ్చే నీటి కండక్టివిటీని కొన్ని సెకన్లకోసారి రాసుకోండి. తర్వాత ఓపెన్‌ఫోమ్‌లో అదే పెట్టె, అదే ప్రవాహం పెట్టి రెండు గ్రాఫులూ ఒకదాని మీద ఒకటి గీయండి. ఉప్పునీరు చిక్కగా ఉంటే బరువుకి అడుగున జారిపోయి గ్రాఫ్ పాడవుతుంది, పలచగా కలపండి. అదే ప్రయోగం కనీసం మూడుసార్లు చేసి, అన్ని రీడింగులూ రిపోర్టు వెనక యథాతథంగా జతచేయండి. ఇంటర్వ్యూలో కాస్టర్ తెలిసినవాళ్ళు ముందు ఆ పేజీలే తిప్పి చూస్తారు.